కూడబలుక్కునే పిల్లలకు పదం పట్టించడం: ఒక చిన్న గుంపు డైరీ

జూన్ ఆఖరు

మా బడి దేవరకొండ వైపు ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. నాలుగు, ఐదు తరగతులు కలిపి ఆరుగురు పిల్లలను విడిగా కూర్చోబెడుతున్నాను. మధ్యాహ్న భోజనం తర్వాత మొదటి పీరియడ్ వీళ్లదే. ఆ టైంలో మిగతావాళ్లు పక్క గదిలో తోటి టీచర్ దగ్గర లెక్కలు చేసుకుంటారు.

ఆరుగురికీ అక్షరాలు వచ్చు. చార్టు ముందు నిలబెడితే అ నుంచి ఱ దాకా గడగడా చెప్పేస్తారు. క గుణింతం అడిగితే పాటలా పాడేస్తారు. కానీ బోర్డు మీద ‘పుస్తకం’ అని రాస్తే ‘పు... స... త... కం’ అని ఆగిపోయి నా మొహం చూస్తారు. నాలుగు చప్పుళ్లు వచ్చాయి, పదం రాలేదు. రోజూ సంచీలో మోసుకొచ్చేదే, పేరు కూడా రోజూ నోట్లో ఆడేదే. కాగితం మీద మాత్రం దాన్ని గుర్తుపట్టలేకపోతున్నారు.

2022లో తొలిమెట్టు (ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే తెలంగాణ కార్యక్రమం) వచ్చినప్పటి నుంచి మాకు పిల్లలు మొదట్లో ఏ స్థాయిలో ఉన్నారో చూసే బేస్‌లైన్ పరీక్షలు అలవాటే. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పల్లె పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూడటానికి చేసే అసర్ సర్వేలోలాగా అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అని మెట్లుగా చూసుకుంటాం. అసర్‌లో ఐదు పదాల్లో నాలుగు సరిగ్గా చదివితే పదాల మెట్టు దాటినట్టు లెక్క. గుంపులు కట్టడానికి ఇది బాగా పనికొస్తుంది. కానీ పిల్లవాడు ఎక్కడ ఆగాడో చెబుతుంది తప్ప ఎందుకు ఆగాడో చెప్పదు. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎడమవైపు పుస్తకంలో ఉన్న పదం, కుడివైపు పిల్లల నోట్లోంచి వచ్చింది, వచ్చినట్టే.

వారం తిరిగేసరికి ఆ నోట్‌బుక్కే సిలబస్ అయింది. ‘నేల’ను ‘నెల’ అంటారు, ‘మేడ’ను ‘మెడ’ అంటారు. ‘చెరువు’కు మొదటి అక్షరం చూసి ‘చెట్టు’ అనేస్తారు. ‘మ’కు, ‘య’కు మధ్య తికమక. ‘వు’ను ‘మ’ అనడం ఇంకా ఎక్కువ. రెండింటిలోనూ వ లాంటి రూపానికి కొమ్ము తగిలినట్టే ఉంటుంది కదా, పిల్లల కన్ను ఏమీ అబద్ధం చెప్పడం లేదు. అన్నిటికంటే పెద్ద గుంపు వత్తుల తప్పులు. వత్తును వదిలేయడం, లేదంటే దాన్ని వేరే అక్షరంగా చదవడం. కాబట్టి మొదటి పని వత్తులతోనే.

జూలై

వత్తు ఎందుకు కష్టమో పిల్లల పక్కన కూర్చుని చూస్తే అర్థమవుతుంది. ‘మంత్రి’ తీసుకోండి. గుడి త మీద ఉంటుంది. కానీ ఆ గుడి త ది కాదు, కింద ఉన్న ర ది. పలికేది త్ + రి. కన్ను పైనుంచి కిందికి చూస్తుంది, నోరు మాత్రం పైన ఉన్న గుర్తును ఆపుకుని, కింది అక్షరానికి తగిలించాలి. మనకు ఇది అలవాటైపోయి కనిపించదు. కొత్తగా చదివే పిల్లకు ఇది నిజంగా పెద్ద పని. ‘తి... ర’ అని చదివిన పిల్ల కాగితం మీద ఉన్న వరసనే చదివింది.

అందుకని ఒకటే మాట పెట్టుకున్నాం: పై అక్షరం పొల్లు, కింది అక్షరానికి గుణింతం. ‘చెట్టు’ అయితే ట్, టు. ‘పత్తి’ అయితే త్, తి. ‘పక్షి’ అయితే క్, షి. పాత క్యాలెండర్ల వెనకవైపు పొడుగు పట్టీలు కోసి పదాలు పెద్దగా రాశాను. వత్తు ఉన్న అక్షరం దగ్గరికి రాగానే పిల్లలు పెన్సిల్‌తో దాని ముందు అక్షరం నుంచి ఒక చిన్న కొక్కెం గీయాలి. ‘పుస్తకం’లో పు నుంచి స దాకా కొక్కెం. అంటే స్ ముందుకు పోయి పు తో కలుస్తుంది: పుస్. తర్వాత త. తర్వాత కం. మూడు చప్పట్లు: పుస్-త-కం. ‘విద్యార్థి’ విద్-యార్-థి. ‘నాగార్జున’ నా-గార్-జు-న.

సున్నాకూ పొల్లుకూ కూడా ఇదే పని. ‘బంతి’లో సున్న బ తోనే పోతుంది, ‘సాగర్’లో ర్ గ తోనే పోతుంది. పద్యాలకు గురులఘువులు గుర్తించేటప్పుడు మనం నేర్చుకున్నది సరిగ్గా ఇదే. సంయుక్తానికీ ద్విత్వానికీ ముందున్న అక్షరం గురువు, సున్నతో ఉన్నది గురువు, పొల్లుతో ఉన్నది గురువు. హైస్కూల్లో గణాల కోసం చెప్పే ఈ సూత్రం నిజానికి నాలుగో తరగతిలో చదువు రాని పిల్లకు ఎక్కువ అవసరం. పేరు చెప్పక్కర్లేదు, చప్పట్లు చాలు.

పదం మొదట్లోనే వత్తు వస్తే కొక్కెం గీయడానికి ముందు అక్షరం ఉండదు. ‘ప్రతి’ని ‘పరతి’ అంటారు, ‘స్నేహం’ను ‘సనేహం’ అంటారు. ఇవి విడిగా ఒక పెట్టెలో పెట్టాం. ‘ప్ర’, ‘క్ర’, ‘స్న’, ‘స్వ’ లాంటివి ఒక్క ఊపులో పలకాలి. ‘స్వాతంత్ర్యం’ ఆగస్టు పదిహేను దగ్గర పడేటప్పుడు ఎలాగూ అడుగుతారు. స్వా-తంత్-ర్యం అని ముందే బోర్డు మీద పెట్టేశాను.

వత్తుల రూపాల సంగతి ఇంకొంచెం. చాలా వత్తులు ఆ అక్షరానికే తలకట్టు తీసేసిన చిన్న రూపాలు. గ వత్తు, ద వత్తు, ప వత్తు చూస్తే గుర్తుపట్టొచ్చు. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం వేరే మొహంతో ఉంటాయి. ఈ ఆరూ మన మాటల్లో అడుగడుగునా తగులుతాయి. అమ్మ, అన్న, అత్త, పిల్ల, చక్రం, విద్య. అందుకని వీటికే ఎక్కువ సమయం ఇచ్చాను. ఒక్కో వత్తుకు ఇంట్లో పిలిచే మాట ఒకటి. ‘అమ్మ’ పట్టీ గోడకు ఉంటే ‘బొమ్మ’, ‘కొమ్మ’, ‘నిమ్మ’ వాళ్లే చదివేశారు. ‘నమ్మకం’ కూడా.

కన్నడంలో చదువు నేర్చుకునే పిల్లల మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన నాకు చాలా ధైర్యమిచ్చింది. అక్షరాలు, గుణింతాలు, వత్తులు కలిపితే వందల గుర్తులవుతాయి కాబట్టి అవి పూర్తిగా పట్టుబడటానికి ప్రాథమిక తరగతుల్లో ఏళ్లు పడుతుందని ఆమె చూపించారు. లిపి విషయంలో తెలుగు, కన్నడం అక్కాచెల్లెళ్లే. ‘ఒకటో తరగతిలోనే అయిపోవాల్సింది ఇంకా రాలేదా’ అని ఐదో తరగతి పిల్లను కసురుకోవడంలో న్యాయం లేదు.

ఆగస్టు

పొట్టి పదాలు కుదురుకున్నాయి. పొడుగు పదం చూస్తేనే టెన్షన్. పాఠంలో ‘తోటలోనుంచి’ వస్తే మొదటి రెండు అక్షరాలు చదివి మిగతాది ఊహించేస్తున్నారు.

తెలుగులో పదాలు పొడుగయ్యేది ఎక్కువగా తోకల వల్ల. లో, కి, కు, తో, ను, నుంచి, మీద, లు, లకు, లను. ఇవి పట్టుమని ఇరవై కూడా ఉండవు, కానీ ప్రతి వాక్యంలోనూ ఉంటాయి. తోకను వేలితో మూసి ముందు మొండెం చదవాలి, తర్వాత వేలు తీసి కలపాలి. ‘తోట’, తర్వాత ‘తోటలో’, తర్వాత ‘తోటలోనుంచి’. ఐస్‌క్రీం పుల్ల ఒకటి ప్రతి ఒక్కరి చేతికీ ఇచ్చాను. వేలితో మూసేకంటే పుల్లతో మూస్తే ఒక్కో అక్షరం నెమ్మదిగా బయటపెట్టొచ్చు.

ఒక జాగ్రత్త ఉంది. ‘చాకు’లో కు తోక కాదు, ‘తోలు’లో లు తోక కాదు. తోక మూశాక మిగిలింది మాటలా ఉందా అని అడగాలి. ‘చా’ అంటే ఏమీ లేదు కదా, అయితే అది తోక కాదు. ఈ ప్రశ్న వాళ్లకు బాగా నచ్చింది. ‘వేలు’, ‘మేకు’, ‘టోకు’ అని వాళ్లే వెతికి పెట్టారు. ‘ఇంట్లో’ లాంటివి మాత్రం పుల్లకు లొంగవు. లో తీసేస్తే ‘ఇల్లు’ మిగలదు. అలాంటివి పదం పదంగానే గుర్తుపెట్టుకోవాలని చెప్పేశాను.

ఈ నెలలో అన్నిటికంటే బాగా సాగింది బస్సు బోర్డుల పని. మా రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు ఆగుతాయి. పిల్లలకు ఆ ఊళ్ల పేర్లన్నీ నోటికి వచ్చు. కొండమల్లేపల్లి అని ఒకేసారి రాసి చూపిస్తే మొదట అందరూ వెనక్కి తగ్గారు. దాన్ని కొండ, మల్లే, పల్లి అని మూడు పట్టీలుగా పెట్టాను. మధ్యలో ల్లే, చివర ల్లి. రెండూ గోడ మీద ఉన్న ‘పిల్ల’ పట్టీలో ఉన్న వత్తే. ఐదో తరగతి పిల్లవాడు, ఇన్నాళ్లూ వంతు వస్తే తల వంచుకుని కూర్చునేవాడు, లేచి మూడు పట్టీలూ దగ్గరికి జరిపి ఒక్క గుక్కలో చదివాడు. ఆ తర్వాత అడగకుండానే ‘దేవరకొండలో కూడా కొండ ఉంది టీచర్’ అన్నాడు. చింతపల్లిలో పల్లి. సూర్యాపేట, సిద్దిపేటల్లో పేట. నల్లగొండలో కొండ గొండ అయిందని వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. మిర్యాలగూడలో ‘గూడ’ తెలిస్తే మిగిలింది ‘మిర్యాల’ ఒక్కటే.

తెలిసిన ముక్కను పట్టుకుని తెలియని పదంలోకి వెళ్లడం అనే పద్ధతి ఇంగ్లిష్ చదువు చెప్పేవాళ్లకు బాగా తెలిసినదే. కానీ వాళ్ల చార్టులు ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మనకు పని జరగదు. ఇంగ్లిష్‌లో పిల్లలు ఒక్కో చప్పుడునూ విడదీసి కలుపుతారు. మన అక్షరంలో హల్లూ అచ్చూ ముందే కలిసిపోయి ఉంటాయి. మన పిల్లలకు కావాల్సింది అక్షరాలను ఎక్కడ ముడివేయాలో, పదాన్ని ఎక్కడ విరవాలో.

సెప్టెంబర్

పేరా చదివించడం మొదలైంది. ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది. పుస్తకంలో ‘వచ్చాడు’ ఉంటే పిల్ల ‘వచ్చిండు’ అని చదువుతుంది. ‘వెళ్ళాడు’ ఉంటే ‘పోయిండు’ అని చదువుతుంది. నోట్‌బుక్‌లో రెండూ తప్పుల కింద రాస్తే అన్యాయం, రెండూ ఒకటే అనుకున్నా అన్యాయమే.

‘వచ్చిండు’ అన్న పిల్ల ‘వచ్చ’ దాకా కళ్లతోనే చదివింది, అర్థం పట్టింది, చివర నోటి అలవాటు వచ్చేసింది. అది చదవడమే. ‘పోయిండు’ అన్న పిల్ల మాత్రం అక్షరాల జోలికే పోలేదు, కథ ఎటు పోతోందో చూసి చెప్పేసింది. మొదటిదానికి ‘సరే బిడ్డా, అర్థం అదే. ఇప్పుడు బుక్కులో చా ఉందా, చి ఉందా చూడు’ అంటాను. రెండోదానికి పుల్ల పెట్టి ‘వె’ నుంచి మళ్లీ మొదలుపెట్టిస్తాను. పిల్లల భాషను తప్పు అనకుండానే ముద్రణలో ఉన్నదాన్ని చూపించొచ్చు. ఇంట్లో మాట్లాడే మాటను చిన్నబుచ్చితే పిల్ల చదవడమే మానేస్తుంది. ఇది మాత్రం గట్టిగా చెబుతాను.

చదివాక ఆగి ‘ఇది మాటేనా, ఇక్కడ కుదిరిందా’ అని తమను తాము అడగడం కూడా ఈ నెలలోనే నేర్పాను. నెల, నేల ఇక్కడే బాగా తేలతాయి. ‘గింజలు నెల మీద పడ్డాయి’ అని చదివి, ఒక క్షణం ఆగి, వెనక్కి వెళ్లి ‘నేల’ అని దిద్దుకున్న పిల్లకు వెంటనే మెచ్చుకోలు. తప్పు లేకుండా చదివినదానికంటే తప్పును తనే పట్టుకున్నదానికి నేను ఎక్కువ విలువ ఇస్తున్నాను, నోట్‌బుక్‌లో దానికి వేరే గుర్తు కూడా పెట్టాను.

బొమ్మ చూసి పదం ఊహించడాన్ని మాత్రం ఆపేశాను. బొమ్మ కథ అర్థం కావడానికి ఉంది. పదం అక్షరాల్లోంచి రావాలి. అర్థంతో సరిచూసుకోవడం ఆ తర్వాత.

అక్టోబర్

దసరా సెలవులకు ముందు బతుకమ్మ పూల పట్టీలు చేశాం. తంగేడు, గునుగు, కట్ల, బంతి, చామంతి, గుమ్మడి. సున్న పలికే తీరు చూడటానికి ఇంతకంటే మంచి జాబితా దొరకదు. తంగేడులో ఒకలా, బంతిలో ఒకలా నాలుక ఎక్కడ తగులుతుందో పిల్లలు నోట్లో వేలు పెట్టి మరీ చూసుకున్నారు. సెలవుల్లో ఇంటి దగ్గర పూలు తెచ్చినప్పుడు పట్టీలు పక్కన పెట్టి అమ్మకు చదివి వినిపించమని పంపాను.

తిరిగి వచ్చాక ఇద్దరికి వత్తులు మళ్లీ వదులయ్యాయి. కొక్కేల పట్టీలు మళ్లీ బయటికి తీశాం. జూలైలో పట్టినంత సమయం పట్టలేదు.

నవంబర్

పత్తి ఏరే రోజులు. హాజరు పలచబడింది. తండా నుంచి వచ్చే నాలుగో తరగతి పిల్ల గురించి విడిగా రాయాలి.

ఈ పిల్ల అక్షరాలు కలపడంలో ఇప్పుడు అందరికంటే ముందుంది. ‘చేరువ’ అని తడబాటు లేకుండా చదివింది. కానీ ‘ఇది మాటేనా’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగు మాట నోట్లో ముందే ఉంటేనే చదివినదాన్ని దానితో సరిచూసుకోగలం. మిగతా ఐదుగురికి ఉన్న ఆ ఆసరా ఈమెకు లేదు. ఆమె చదివింది సరిగ్గానే ఉంటుంది, సరిగ్గా చదివానన్న నమ్మకం మాత్రం రాదు.

అందుకని ఆమెతో వరస మార్చాను. పాఠంలో కొత్తగా వచ్చే నాలుగైదు మాటలు ముందు రోజే నోటితో, వస్తువుతో, బొమ్మతో ఆడించి, మర్నాడు కాగితం మీద చూపిస్తున్నాను. ఇంకోటి, ఆమె చెప్పిన వాక్యమే ఆమె పాఠం. ‘మా యాడి పత్తి ఏరనీకి పోయింది’ అని చెప్పింది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. చెప్పింది చెప్పినట్టే పట్టీ మీద రాశాను. ‘యా’ దగ్గర మ అనుకోకుండా చూసుకుని, ‘పత్తి’లో కొక్కెం తనే గీసి, వాక్యం మొత్తం చదివింది. తర్వాత ‘యాడి’ పట్టీ తీసి ‘అమ్మ’ పట్టీ అక్కడ పెట్టి మళ్లీ చదివింది. మిగతా పిల్లలు ‘యాడి’ని చదవడానికి పోటీపడ్డారు. ఆమె వాళ్ల ఉచ్చారణ దిద్దింది.

ఇప్పుడు ఆరుగురూ రోజుకు ఒక వాక్యం చెబుతున్నారు. నేను రాస్తాను, మర్నాడు ఒకరి వాక్యం ఇంకొకరు చదువుతారు. సొంత వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి దాన్ని చదవడం పరీక్ష కాదు. పక్కవాళ్లది చదవడమే అసలు పని.

డిసెంబర్

మళ్లీ అదే అసర్ తరహా కాగితాలతో చూశాను, వేరే పదాలు, వేరే పేరాతో. నలుగురు పేరా చదివారు. అందులో ఇద్దరు కథలోకి కూడా వెళ్లారు, నెమ్మదిగానే. తండా పిల్ల పేరా చదివిన నలుగురిలో ఉంది. ఒకరు పదాలు దాటి పేరాలో రెండో వాక్యం దగ్గర అలసిపోయారు. ఒకరికి పొట్టి పదాలే ఇంకా కష్టం. ఈ పిల్లవాడి తప్పుల్లో మ, య, వు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, ఒక కన్ను చికిలించి చదువుతున్నాడు కూడా. కళ్ల పరీక్ష చేయించమని ఇంట్లో చెప్పి, బడికి వచ్చే ఆరోగ్య బృందానికి ఇవ్వాల్సిన జాబితాలో పేరు రాశాను. చూపు సంగతి తేలేదాకా అతనికి అక్షరాలు రెట్టింపు సైజులో రాసి ఇస్తున్నాను.

ఎంత సరిగ్గా చదివారన్నదానితో పాటు ఎంత కష్టపడి చదివారన్నది కూడా చూడాలి. ప్రతి పదాన్నీ కొక్కెం గీసి, పుల్ల పెట్టి చదివే పిల్లకు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు. ఒకే పదాన్ని విరిచి, కలిపి, సరిగ్గా పలికిన సార్లు పెరిగే కొద్దీ అది చూడగానే పట్టుబడుతుంది. చదువు మీద పరిశోధన చేసిన లిన్నియా ఎహ్రీ లాంటివాళ్లు చెప్పేదీ ఇదే. చూడగానే చదవడం బట్టీతో వచ్చేది కాదు, అక్షరాలను చప్పుళ్లతో కలిపి చదవగా చదవగా వచ్చేది. అందుకని పాత పట్టీలు పారేయలేదు. రోజూ మొదటి ఐదు నిమిషాలు వాటితోనే. కొక్కెం అక్కర్లేకుండా వచ్చిన పట్టీని పిల్లలే ‘వచ్చినవి’ అని రాసిన అట్టపెట్టెలో వేస్తారు.

జనవరిలో సంధి కలిసిన మాటలు మొదలుపెట్టాలి. ‘పిల్లలందరూ’, ‘ఊరంతా’, ‘చెట్టెక్కి’. వీటిలో తోక మూస్తే మొండెం విరిగిపోయి కనిపిస్తుంది. చెట్టెక్కిలో ‘చెట్టు’ చివరి ఉ లేదు. పుల్ల పద్ధతి ఇక్కడ చాలదు. ముందు నోటితో ‘చెట్టు ఎక్కి’ అని నెమ్మదిగా, తర్వాత తొందరగా అనిపించి, తొందరగా అన్నప్పుడు ఏది జారిపోయిందో చెవితో పట్టించి, ఆ తర్వాతే పట్టీ చూపించాలని అనుకుంటున్నాను. ఐదో తరగతి పాఠాల్లోంచి అలాంటి మాటలు ఏరి పెట్టుకున్నాను. సెలవులు అయ్యేలోగా పట్టీలు కోసి ఉంచాలి, పాత క్యాలెండర్లు ఎలాగూ ఈ నెలాఖరుకు వస్తాయి.